గుట్టెక్కిన తంగేడు

నేను గప్పాలు కొడతానని సీతాఫల్‌మండిలో మా సందు మొత్తానికి తెలుసు. కరెంటు పోయిన సాయంత్రాల్లో ఆడవాళ్లు కుర్చీలు తెచ్చుకుని మా గేటు ముందు వేసుకునేది నా ముఖం చూడటానికి కాదు. నా పెళ్లి ఊరేగింపు పట్టాల దగ్గరికి వచ్చేసరికి గూడ్సు బండి ఆగి దారి ఇచ్చిందని చెప్పాను, నమ్మారు. మా మామగారి గురకకు పక్కింటి గోడ గడియారం గంట ముందుకు జరిగేదని చెప్పాను, అదీ నమ్మారు, కనీసం నమ్మినట్టు నవ్వారు. ఒక్క సంగతి మాత్రం నలభై ఏళ్లుగా ఎవరూ నమ్మలేదు. తంగేడు పొదలు నడుస్తాయి. నడిచి గుట్ట ఎక్కుతాయి.

మొన్న ఆదివారం మా అన్న కూతురు వచ్చింది. మట్టి గురించి చదువుతోంది ఆ పిల్ల. మట్టి గురించి చదవడానికి కాలేజీ ఎందుకని మా వదిన ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. చాయ్ తాగుతూ తాగుతూ ఫోనులో ఒక ఫోటో చూపించింది. గోధుమరంగు మీద నల్లటి అడ్డచారలు.

"ఏందే ఇది, పులి తోలా?" అన్నాను.

"నేల, అత్తా. ఆకాశం నుంచి తీసిన్రు. వానలు తక్కువ పడే దేశంల. నల్లగున్నయి పొదలు, నడుమ తెల్లగున్నది ఉత్త నేల. ఇంకో ముచ్చట చెప్తే నువ్వు నమ్మవు. ఈ చారలు మెల్లమెల్లగ మీదికి జరుగుతయంట."

నమ్మనా. నేనా. చాయ్ గ్లాసు కింద పెట్టేశాను, చేతిలో ఉంటే ఒలికిపోయేది. ఆ పిల్ల చదువుకి దండం పెట్టాలో, నలభై ఏళ్లు ఆలస్యంగా వచ్చినందుకు రెండు తగిలించాలో తెలియలేదు.

అదే గదిలో ఫ్రిజ్ మీద ఒక కాగితం ఉంది. కాలనీ సంఘం వాళ్లది. వెనక కాంపౌండు గోడకు ఆవల ముళ్లపొదలతో మిగిలిపోయిన జాగాను శుభ్రం చేసి, చదును చేసి, పచ్చగడ్డి చాప పరిచి, నాలుగు బెంచీలు వేస్తారట. అన్ని ఇళ్లవాళ్లూ సంతకాలు పెట్టారు, మా ఇల్లు తప్ప. వారం రోజులుగా నేను ఆ కాగితం మీద ఆవకాయ జాడీ పెడుతున్నాను, తీస్తున్నాను.

ఆ జాగా నాకు గోడవతలి జాగా కాదు. నేను దాని ఒడిలో పెరిగాను. దాన్ని ఒకసారి నేనే చంపబోయాను కూడా. అది చెప్పకుండా సంతకం సంగతి చెప్పలేను.

అప్పుడు ఇక్కడ కాలనీ లేదు. ఒక సబ్బుల కార్ఖానా, దాని వెనక పదిహేను క్వార్టర్లు. మా నాయన సబ్బు ఉడికే కడాయిల దగ్గర పని చేసేవాడు. ఆయన ఇంట్లో అడుగు పెట్టకముందే వేపనూనె వాసన పెట్టేది. ఆయన చొక్కాలు మా అమ్మ సబ్బు లేకుండానే ఉతికేది. నీళ్లలో వేస్తే చాలు, అవే నురుగు కక్కేవి. ఇందులో సగం నిజం. ఒక పక్క సబ్బు, ఇంకో పక్క చిలకలగూడ వైపు నుంచి బొగ్గింజను పొగ, నడుమ ఎవరింట్లోనో కాలుతున్న జొన్నరొట్టె. ఈ మూడూ కలిసిన గాలి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.

క్వార్టర్ల వెనక గుట్ట ఉండేది. గుట్ట అంటే పెద్దది అనుకునేరు. పెనం మీద రొట్టె ఒక పక్కన పొంగినట్టు మెల్లగా లేచిన నేల, అంతే. దాని మీద పొదలు చెల్లాచెదురుగా కాక వరసలుగా ఉండేవి. అడ్డంగా ఒక వరస తంగేడు, రేగు, వాటి కాళ్ల దగ్గర మోకాలెత్తు గడ్డి. ఆ పైన పది పన్నెండు అడుగుల బోడి నేల, సిమెంటు చేసినంత గట్టిగా. ఆ పైన మళ్లీ ఒక వరస. అలా మూడు చారలు. మేము చారల గుట్ట అనేవాళ్లం. బోడి నేల మీద తొక్కుడుబిళ్ల, పొదల్లో దాగుడుమూతలు. ఎవరి దాబా మీదనుంచైనా రేగు వడియాలు ఎత్తుకొస్తే తినడానికి కూడా ఆ పొదలే.

గుట్ట కింద రేకుల గుడిసెలో మేకలవ్వ ఉండేది. కార్ఖానా కట్టకముందు నుంచీ ఉంది. గోడ కట్టేవాళ్లు వచ్చి లేవమంటే లేవలేదట. అందుకే ఆ గోడ ఆమె గుడిసె దగ్గరికి వచ్చి వంకర తిరిగి పోయేది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఐదు మేకలు, ఒక చుట్ట, ఎవరికైనా జ్వరం వస్తే గిన్నె పట్టుకుని వచ్చే ఇరుగుపొరుగు. ఆ మేకలు ఉన్నంతకాలం ఆమె ఎవరి గడపా తొక్కక్కర్లేదు.

ఆమెకు ఒక్కటే పట్టింపు. కట్టెలకైనా, గడ్డికైనా, బతుకమ్మ పూలకైనా సరే, పొదల వరసను కింది దిక్కు నుంచే కొయ్యాలి. పై అంచును ముట్టుకుంటే చేతి కర్రతో వేళ్ల మీద ఒకటి పడేది.

"మీది దిక్కు దాని నోరు బిడ్డా," అనేది. "వాన నీళ్లు పైనుంచి ఉరుక్కుంట వస్తయి, ఆడ ఆగుతయి, ఆడ్నే తాగుతది. కింది దిక్కు ముసల్ది, నా లెక్క. దాన్ని కొయ్యి, ఏమనుకోదు."

మరి నడుమ ఉత్త నేల ఎందుకు, అక్కడ కూడా పొదలు మొలవొచ్చు కదా అని అడిగాను ఒకసారి.

"ఉత్త నేల కాదది. చెట్టు కంచం. కంచంల పడ్డదే నోట్లెకు పోతది. కంచం నిండ నోర్లే ఉంటే ఎవలు తింటరు?"

పొదలు నడుస్తాయని మొదట చెప్పింది కూడా ఆమే. తను కాపురానికి వచ్చిన కొత్తలో మధ్య వరస ఒక నల్లబండకు కింద ఉండేదట. ఇప్పుడు బండ దాటి పైన ఉంది. ఏ పొదా కాలెత్తి నడవదు. కింది అంచున ముసలివి ఎండిపోతాయి, పై అంచున కొత్తవి మొలుస్తాయి. రేషను షాపు ముందు మనుషులు మారినా క్యూ ఉన్నట్టే, వరస ఉంటుంది, మెల్లగా పైకి జరుగుతుంది.

ఇంత మంచి నిజం చేతికి దొరికితే నేను ఊరుకుంటానా. బడిలో చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెబితే చప్పగా ఉంటుందని అమావాస్యకు అమావాస్యకు నడుస్తాయన్నాను. గజ్జెల చప్పుడు వినిపిస్తుందన్నాను. ఒక రేగు పొద దారి తప్పి మా బచ్చలి పందిరి కిందికి వచ్చిందని, మా అమ్మ మంచినీళ్లిచ్చి పంపించిందని కూడా అన్నాను. టీచరమ్మ బల్ల ఎక్కించి నిలబెట్టింది. ఆ రోజు నుంచి నాకు గప్పాల పిల్ల అని పేరు.

పక్క క్వార్టర్లో నాకొక దోస్తు ఉండేది. వాళ్ల అబ్బా కార్ఖానాలో సబ్బులకు కాగితం చుట్టేవాడు. దానికొక విచిత్రమైన జబ్బు. అబద్ధం చెబితే ఎక్కిళ్లు వస్తాయి. సేమియా దొంగతనంగా తిన్నావా అని వాళ్లమ్మ అడిగితే, లేదు అనేలోపే ఎక్కిలి పడేది. అలాంటిదాన్ని నేను దోస్తు చేసుకోవడం నా పొరపాటే, కానీ అది లేకపోతే ఈ కథ లేదు.

ఒక ఎండాకాలం కార్ఖానాకు కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఎప్పుడూ ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన. దసరా ముందు కార్ఖానా సేఠ్ వేరే ఊరి నుంచి చూడటానికి వస్తున్నాడని, వెనక గుట్ట జుట్టు ఊడిన కుక్కలా ఉందని ఆయనకు బెంగ. గుట్టంతా ఒకే పచ్చగా కనపడాలి. పాత పొదలు పీకి, మూడేసి అడుగులకో గుంత తీసి మొక్కలు నాటి, ఒక్కో మొక్క చుట్టూ సున్నం వేసిన రాళ్లు పేర్చాలి. సెలవుల్లో ఖాళీగా ఉన్న మా పిల్లల దండును పిలిచి, గుంతకో బూందీ లడ్డు అన్నాడు.

మేకలవ్వ ఆయన దగ్గరికి వెళ్లి కంచం సంగతి చెప్పింది. ఆయన నవ్వి, పల్చబడ్డ తలకు జుట్టు నాటుతున్నాం అవ్వా, సంతోషపడాలె అన్నాడు. నేను కూడా వెళ్లాను. నిజంగా ఆపుదామనే వెళ్లాను. పొదలు నడుస్తాయి సార్ అని మొదలుపెట్టాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన వింటున్నాడనిపించేసరికి నోరు ఆగలేదు. గజ్జెలు కూడా చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వి, నువ్వేనా ఆ గప్పాల పిల్లవి అని చేతిలో ఒక లడ్డు పెట్టి, పో, గుంత తియ్యి అన్నాడు.

లడ్డు తిన్నాను. గుంత తీశాను.

ఒకటి కాదు. అందరికన్నా ఎక్కువ నేనే తీశాను. బోడి నేల మీద గడ్డపార టంగుమని ఎగిరిపడేది, చేతులు బొబ్బలెక్కేవి. పై వరస పై అంచున మాత్రం మట్టి నల్లగా, కేకులా మెత్తగా ఉండేది. ఎన్నో ఏళ్ల ఆకులు, దుమ్ము, పేడ కలిసిన మట్టి. గడ్డపార దానంతట అదే దిగేది. తెలివైనదాన్ని కదా, మూడు మధ్యాహ్నాల్లో ఆ అంచు మొత్తం పీకి పారేశాను. లడ్డూలు గౌను జేబుల్లో పట్టక కుచ్చిళ్లలో పోసుకున్నాను.

అవ్వ గుడిసె ముందు కూర్చుని చూస్తోంది. కర్ర ఎత్తలేదు.

"నోరే పీకినవా బిడ్డా," అంది.

నాకు నవ్వొచ్చింది. నోటి నిండా లడ్డు ఉంది మరి.

మిరుగు రోజున, అంటే మృగశిర కార్తె మొదలయ్యే నాడు, వాన వచ్చింది. మిరుగంటే మా వైపు ఇల్లిల్లూ చేపలే. పదిహేను పొయ్యిల మీద పులుసు ఉడుకుతోంది. ఎప్పుడూ అయితే గుట్ట మీద పడ్డ వానను మొదటి వరస కొంత, రెండోది కొంత తాగి, మా గడపల దాకా వచ్చేసరికి కాలివేళ్లు తడిపేంత నీళ్లు కూడా ఉండేవి కావు. ఆ రోజు ఎర్రనీళ్లు ఆగకుండా దూకాయి. మొక్కలు, సున్నం రాళ్లు, మెత్తటి నల్లమట్టి అన్నీ మా వంటింట్లోకి వచ్చాయి. పులుసు గిన్నె తేలి వెళ్లి తలుపు దగ్గర తట్టుకుంది. చేపలు మళ్లీ ఈదుకుంటూ పోయాయని తరవాత బడిలో చెప్పాను గానీ, ఆ పూట చీపురు పట్టుకుని మా అమ్మ ముఖం చూస్తే ఏ గప్పా గుర్తుకు రాలేదు.

తరవాత మూడు వారాలు చినుకు లేదు. మిగిలిన మట్టి పైన అప్పడంలా పొరకట్టింది. ట్యాంకరుతో నీళ్లు పోయిస్తే ఆ పొర మీద జారి కిందికి వచ్చేశాయి. మొక్కలన్నీ అగ్గిపుల్లల్లా నిలబడ్డాయి. తొక్కుడుబిళ్ల ఆడే చోట కాలు పట్టేంత గండ్లు. చారల గుట్ట మీద చారలు లేవు. వట్టి గుట్ట.

మేనేజరుకు ఎవరో ఒకరు దొరకాలి. మేకలు దొరికాయి. మేకలే మొక్కలు తిన్నాయన్నాడు. అవి ఆ నెలంతా గుంజకు కట్టేసి ఉన్నాయని, అవ్వ ఎక్కడెక్కడినుంచో మోపు తెచ్చి మేపుతోందని అందరికీ తెలుసు. అయినా సేఠ్ వచ్చేలోపు మేకలు పోవాలి, గుడిసె కూడా లేవాలి అని చెప్పి పంపాడు. లేస్తే ఆమెకున్న దిక్కు ఊళ్లో మరిది ఒక్కడే.

"మరిది ఇంట్ల బాసాన్లు తోముకుంట పడుండాల్నా," అంది అవ్వ. "ఈడ్నే ఉంట. మేకలు ఈడ్నే ఉంటయి. మీ సారుకు చెప్పు, గోడనే వంకర తిరిగింది నా కోసం."

ఆ మాట గట్టిగానే అంది. అయినా మేకలకు తిండి ఎక్కడిది. గుట్ట మీద గడ్డి పోచ లేదు. నా జేబుల్లో ఇంకా లడ్డు నెయ్యి మరకలు. ఆ మధ్యాహ్నం నేనూ నా దోస్తూ వెళ్లి ఆమె ముందు నిలబడ్డాం. ఏం చెయ్యాలవ్వా అన్నాను. జీవితంలో మొదటిసారి ఒక ముక్క కూడా కలపకుండా అడిగాను.

"నాకేం ఎర్క. నీళ్లను అడుగుదాం పా," అంది.

చెంబు పట్టుకుని గుట్ట పైకి ఎక్కింది. నీళ్లు సన్నగా వంచింది. ధార కిందికి పాకి, ఒకచోట తడబడి, అడ్డంగా కొంచెం పరుచుకుంది. అక్కడ మడమతో నొక్కింది. రెండడుగులు పక్కకు జరిగి మళ్లీ వంచింది, మళ్లీ నొక్కింది. చెంబులు మోయడం మా పని. సాయంత్రానికి గుట్టకు అడ్డంగా మడమ గుర్తుల వరసలు మూడు. ఆ గుర్తుల మీద రాళ్లు పేర్చమంది. రాళ్లు ఎక్కడివి? చచ్చిన మొక్కల చుట్టూ, సున్నం వేసి, సిద్ధంగా ఉన్నాయి.

మేనేజరు మధ్యాహ్నం భోజనం చేసి గంటసేపు కునుకు తీసేవాడు. బడి నుంచి మేము అన్నానికి వచ్చేదీ అప్పుడే, ఆ గంట మాది. పిల్లల దండు మొత్తం రోజుకు ఇన్నని రాళ్లు జరిపాం. గోడవారగా పడేసిన పొదల కళేబరాలు ఉన్నాయి, ముళ్లతో, ఎండుకాయలతో సహా. వాటిని ఈడ్చుకొచ్చి రాళ్ల వెనక కుక్కాం. లాగుతుంటే తంగేడు కాయలు చిట్లి గింజలు రాలేవి. మేకల దొడ్డి ఊడ్చిన పెంటికలు వాటి మీద చల్లింది అవ్వ. చూడండి, దీంట్ల రేగు ఉంది, గడ్డి ఉంది, మీ సారు తిట్టిన నోటితోనే నాటుతున్నయి నా మేకలు అని నవ్వింది. మరి మధ్య జాగాలో ఏం చెయ్యాలంటే, ఏం చెయ్యొద్దు, తొక్కుడుబిళ్ల ఆడుకోండి, గట్టిగ తొక్కుండ్రి, కంచం సాపుగుండాలె అంది. ఒక పెద్దమనిషి ఆడుకోవడం పనిగా అప్పజెప్పడం మేము చూడటం అదే మొదటిసారి.

వారానికి దొరికిపోయాం. మేనేజరు నన్నూ నా దోస్తునూ ఆఫీసులోకి పిలిచాడు. ఆ గదిలో కొత్త సబ్బుల వాసన ముక్కులో గుచ్చుకునేది. రాళ్లు ఎవరు జరిపారని ముందు దాన్ని అడిగాడు. అది నోరు తెరిచి, మాకు తెల్వదు సార్ అనబోయింది. ఎక్కిలి పడింది. ఇక లాభం లేదని నేను ముందుకు జరిగాను.

"ఎవ్వలు జరపలేదు సార్. రాళ్లే నడిచినయి. పొదలు పోయినయి కదా, వాటి జాగల ఎవలన్న ఉండాలె అని పోయి కూసున్నయి."

ఈసారి ఆయన నవ్వలేదు. మా నాయనను పిలిపించాడు. రేపు పొద్దున నీ చేతులతో ఒక్కో రాయి తీసి గుంతల చుట్టూ పెట్టు, లేకపోతే ఎల్లుండి నుంచి పనికి రావొద్దు అన్నాడు.

ఇంటికి వచ్చాక నాయన కొట్టలేదు. అదే భయం వేసింది. పొద్దున్నే టిఫిన్ డబ్బా పట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాడు. అవ్వ చెప్పింది, నేను చెప్పింది, కంచం, నోరు, నడక అన్నీ విన్నాడు. అప్పుడు నా దోస్తును కేకేశాడు. అది కళ్లు నులుముకుంటూ వచ్చింది.

"నువ్వు చెప్పు బిడ్డా. పొదలు నడుస్తయా?"

"నడుస్తయి చాచా."

అందరం దాని గొంతు వైపు చూశాం. నాయన కాసేపు ఆగాడు. పొద్దున నీళ్లు గిట్ల తాగివచ్చినవా అని అడిగాడు. తాగలేదంది. ఇంకాసేపు ఆగాడు. ఎక్కిలి రాలేదు.

నాయన మధ్య వరస రాళ్ల మీద కూర్చుని డబ్బా తెరిచాడు. జొన్నరొట్టె, ఉల్లిగడ్డ కారం. మేనేజరు వచ్చేసరికి మొదటి ముక్క నములుతున్నాడు.

"తింటున్న సార్," అన్నాడు. "తిన్నంక తీస్త."

ఆ రొట్టె సాయంత్రం దాకా తిన్నాడు. మరుసటి రోజు కూడా తింటూనే ఉన్నాడు. ఒక మనిషి రెండు రోజులు ఒకే రొట్టె తిన్నాడంటే మా సందులో ఎవరూ నమ్మరు, నమ్మకండి, మా అమ్మ మధ్యలో ఇంకో డబ్బా పంపింది. మధ్యాహ్నం భోజనాల సైరన్ మోగగానే నా దోస్తు వాళ్ల అబ్బా వచ్చి పక్కన కూర్చున్నాడు. తరవాత కడాయిల దగ్గరివాళ్లు, సబ్బులు కోసేవాళ్లు. గుట్ట మీద అడ్డంగా మూడు వరసల మనుషులు డబ్బాలు విప్పుకుని తింటున్నారు, నడుమ ఉత్త నేల. గుట్టకు మళ్లీ చారలు వచ్చాయి. అవ్వ కింద నిలబడి చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. సేఠ్ వచ్చే ముందు అంతమందిని పని నుంచి తీసేయడం మేనేజరు వల్ల కాలేదు. దువ్వెన తీసి తల దువ్వుకుని వెళ్లిపోయాడు.

శ్రావణంలో మళ్లీ వానలు. ఈసారి నీళ్లు రాళ్ల దగ్గర ఆగాయి. మోసుకొచ్చిన మట్టి అక్కడే దింపుకున్నాయి. కొన్నాళ్లకు కింది రెండు వరసల వెంట పచ్చటి గీత, నూనూగు మీసమంత. మేము బోర్లా పడుకుని చూసేవాళ్లం.

సేఠ్ వచ్చాడు. ఆఫీసులో కూర్చున్నాడు, లెక్కలు చూశాడు, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. గుట్ట వైపు తల కూడా తిప్పలేదు. ఆయన చాయ్‌కి తెచ్చిన ఆవుపాలు విరిగిపోతే మేనేజరు గిన్నె పట్టుకుని అవ్వ గుడిసె దగ్గరికి వచ్చాడని, ఆమె మేకలకు సలాం చెయ్యమందని నేను చాలా ఏళ్లు చెప్పాను. గిన్నెతో ఎవరో రావడం నిజం. సలాం నాది.

ఆ తరవాత గుడిసె సంగతి ఎవరూ ఎత్తలేదు. అవ్వ అక్కడే ఉంది, అక్కడే పోయింది, మేకల మధ్య.

అంతా బాగైపోయిందని చెబితే నేను నిజంగా అబద్ధాలకోరునే. కింది రెండు వరసలు తిరిగి రావడానికి ఏళ్లు పట్టింది. బతుకమ్మకు రెండేళ్లు ఆడపిల్లలు తంగేడు కోసం ఎంతో దూరం నడిచి వెళ్లారు, అవ్వ ఒక్క పువ్వు కొయ్యనివ్వలేదు. పై వరస మాత్రం రాలేదు. రాళ్లు పేర్చాం, ముళ్లు పెట్టాం, పెంటికలు చల్లాం. మట్టే లేదు, కింద బండ తేలింది. నేను మూడు మధ్యాహ్నాల్లో పీకిన నోరు అది. మూడేళ్లు బతిమాలినా తెరవలేదు.

మధ్య వరస మొదటిసారి పూసిన రోజు నేనూ నా దోస్తూ ఒక సున్నం రాయి మీద మేకుతో రెండు గీతలు గీశాం, ఒకటి నాది, ఒకటి దానిది. దాన్ని పై అంచున, చివరి మొలకకు ఆనించి నేలలో సగం పాతాం. ఇది దాన్ని దాటిపోతది సూడుండ్రి అంది అవ్వ.

తరవాత కార్ఖానా మూతపడింది. క్వార్టర్లు కూలాయి, అపార్ట్‌మెంట్లు లేచాయి. పెళ్లయి పోయిన నేను కూడా తిరిగి తిరిగి ఇక్కడికే ఇల్లు చేరుకున్నాను. కింది వరస ఒకరి పార్కింగు కింద ఉంది. మధ్య వరస ఒక్కటే గోడవతల మిగిలింది, సంఘం కాగితంలో రాసిన ముళ్లపొదలు అవే.

ఆదివారం చాయ్ సగంలో వదిలేసి మా అన్న కూతుర్ని లాక్కెళ్లాను. వెనక గేటు తుప్పు పట్టింది, ఇద్దరం నెడితే తెరుచుకుంది. రాయి కోసం నేను పొదల పై అంచున వెతికాను. లేదు. లోపల వెతికాను. గౌన్లు వేసుకునే వయసు కాదు, చీరంతా ముళ్లు. ఆ పిల్లే కింది దిక్కు నుంచి పిలిచింది. ఎండిపోయిన మోళ్ల మధ్య, పొదలన్నిటికీ వెనక, రెండు గీతలతో పడి ఉంది. వరస దాన్ని తొక్కుకుంటూ దాటి పైకి వెళ్లిపోయింది. ఆ పిల్ల టేపు పట్టి కొలిచింది. మా ఇంటి హాలంత దూరం. దాని కన్నా నాకు ముఖ్యమైంది ఇంకొకటి. పై అంచు మొలకలు పై వరస చోట తేలిన బండ కాళ్ల దగ్గరికి చేరాయి. నేను చంపిన చోటికి, ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పొయ్యకుండా, వాటంతట అవి వస్తున్నాయి.

"అత్తా, నిజమే చెప్పినవ్," అంది ఆ పిల్ల.

"ఒక్కసారి," అన్నాను.

సాయంత్రం సంఘం సెక్రటరీ కాగితం కోసం వచ్చాడు. మంచి కుర్రాడే, గ్రీనరీ కోసమే కదా ఆంటీ, అందులో సగం ఖాళీ నేల, వేస్టుగ పడి ఉంది అన్నాడు. అచ్చం ఆ మేనేజరు ధోరణే, నలభై ఏళ్ల తరవాత, ఇస్త్రీ చొక్కాలో.

"ఖాళీ కాదు నాయనా, కంచం," అన్నాను. "నీ గడ్డి చాపకు దినాం ట్యాంకరు కావాలె. దీనికి నువ్వు జెర దూరముంటే సాలు."

అర్థం కానట్టు చూశాడు. శనివారం పొద్దున నేల చదును చేసే మిషన్ మాట్లాడేశామని, ఒక్క సంతకం లేకపోయినా పని ఆగదని మర్యాదగానే చెప్పాడు. నేను కూడా మర్యాదగానే ఆవకాయ జాడీ మళ్లీ కాగితం మీద పెట్టాను.

నా దోస్తు ఇప్పుడు చిలకలగూడలో కొడుకు దగ్గర ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, మెట్లు దిగడం కష్టం. ఫోన్ చేసి సంగతి చెప్పాను. శనివారం పొద్దున్నే వస్తా అంది. రాగలవా అని మళ్లీ అడిగాను. వస్తా అంటున్న కదా అంది. చెవికి గట్టిగా ఆనించి కాసేపు విన్నాను. ఎక్కిలి లేదు.

ఈ రోజు శుక్రవారం. జొన్నపిండి కలిపి పెట్టాను, ఉల్లిగడ్డ కారం నూరాను. మా నాయన డబ్బా అటక మీద నుంచి దింపి తోమాను, ఇంకా మూత తీస్తే వేపనూనె వాసన వస్తుందంటే మీరు నమ్మరు. పై అంచుకు పైన, ఆ బోడి నేల మీద, మిషన్ రావలసిన దారికి అడ్డంగా కూర్చుంటాం. రొట్టెలు నాలుగు ఎక్కువే చేస్తున్నాను. మిషన్ నడిపేవాడికి కూడా ఆకలి వేస్తుంది. లేవమని అడిగితే ఏం చెప్పాలో నాకు తెలుసు.

తింటున్న బిడ్డా. తిన్నంక లేస్త.